డైరెక్టరు గారి గదిలో కుజుడు

కుజగ్రహం మీద ఒకప్పుడు జీవం ఉండేదేమోనని నెలకోసారైనా పేపర్లో వస్తుంది. ఒకసారి ఎండిపోయిన నది అంటారు, ఒకసారి రాతి మీద మచ్చలంటారు, ఇంకోసారి శుక్రుడి మేఘాల్లో ఏదో వాయువంటారు. మొదటి రోజు ‘ఏమో’ అన్న మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది. రెండో రోజుకి అది కాస్తా ఊడిపోతుంది. అవి చదివి మీలాంటి చిన్నవాళ్ళు నా దగ్గరికొస్తారు. సూక్ష్మజీవుల శాస్త్రం చదివారు, రిటైరయ్యేదాకా ప్రయోగశాలలోనే పనిచేశారు, మీరేమంటారని అడుగుతారు. నేనేమీ అనను. కుజుడి మీది జీవాన్ని నేను విశాఖపట్నంలోనే, హార్బరు గేటు పక్కనే, నా కళ్ళతో చూశాను. వాసన కూడా చూశాను. పులిసిన వాసన.

మాది ఓడరేవు దగ్గర ఒక సర్కారీ ప్రయోగశాల. పేరెందుకు లెండి, ఇప్పుడా భవనమే లేదు. అందులో రెండు సెక్షన్లుండేవి. కొండల మీది గనుల నుంచి రైల్లో వచ్చి జపాను ఓడలెక్కే ఖనిజంలో ఇనుమెంతో తేల్చేది ఖనిజం సెక్షను. ఓడలకు పట్టే మంచినీళ్ళూ, ఊరి కుళాయి నీళ్ళూ తాగడానికి పనికొస్తాయో లేదో చెప్పేది నీళ్ళ సెక్షను. నీళ్ళ సెక్షనుకు నేను పెద్దని. మాది ఏలూరు వైపు. నాన్న పోర్టు ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఖనిజం ధూళి తుడుచుకుంటూ పెరిగాం మేమంతా. ఆ రోజుల్లో పాతపట్నంలో తెల్ల పంచె ఆరేస్తే సాయంత్రానికి కాషాయమయ్యేది.

నీళ్ళ పరీక్ష ఎలా చేస్తామో కాస్త చెప్తాను, ముందు ముందు పనికొస్తుంది. పాలచక్కెర, మాంసం సారం కలిపి కాచిన రసాన్ని గాజు గొట్టంలో పోస్తాం. అందులో చిటికెనవేలంత చిన్న గొట్టాన్ని బోర్లా వేస్తాం. పరీక్షించే నీళ్ళు కొంచెం కలిపి వెచ్చగా ఉంచుతాం. క్రిములుంటే పెరుగుతాయి, గ్యాసు పుట్టిస్తాయి, అది ఆ చిన్న గొట్టంలో బుడగై నిలుస్తుంది. బుడగ కనబడిందంటే ఆ నీళ్ళలో మురుగు కలిసిందేమోనని మాకు గుండె దడ. గాలిలో ఉన్న క్రిములు దిగకుండా గాజు సీసాలన్నిటికీ దూది బిరడాలు పెడతాం. దూది పొడిగా ఉన్నంతసేపే అది కాపలా. తడిసిందా, తలుపు బార్లా తెరిచినట్టే. ఇది మొదటి ఏడాది విద్యార్థికి కూడా తెలుసు. డైరెక్టర్లకు తెలియాలన్న నిబంధన లేదు.

మా డైరెక్టరు గారు ఖనిజం మనిషి. కొన్నాళ్ళు విదేశంలో చదివొచ్చారు. ఆ కొన్నాళ్ళు ఆయన్ని చివరిదాకా వదల్లేదు. మే నెలలో కూడా కోటు వేసుకొచ్చేవారు. తన తెలివి మీద ఆయనకున్నంత నమ్మకం నాకు నా వంట మీద కూడా లేదు. ఇంత చిన్న ఊళ్ళో, జపాను వాడికి రాళ్ళు తూచి ఇస్తూ తన జీవితం వృథా అవుతోందని ఆయనకు పెద్ద దిగులు. ఆ దిగులుకు అమెరికా వాళ్ళు మందు పంపారు.

డెబ్భైల మధ్యలో వాళ్ళు కుజుడి మీద రెండు యంత్రాలు దింపిన సంగతి మీరు చదివే ఉంటారు. అక్కడి మట్టి మీద పోషక రసం పోసి గ్యాసు వస్తుందేమో చూశారు. వచ్చింది. తీరా చూస్తే ఆ మట్టిలో ప్రాణుల దేహానికి మూలమైన కర్బన పదార్థం జాడే దొరకలేదు. వచ్చిన గ్యాసు జీవం వల్లనా, మట్టిలోని రసాయనం వల్లనా అని వాళ్ళలో వాళ్ళే తేల్చుకోలేక కొట్టుకుంటున్నారు. మా డైరెక్టరు గారు తీర్పు చెప్పడానికి సిద్ధమైపోయారు.

ఆయన వాదన ఇదీ. కుజుడు చిన్న గ్రహం కాబట్టి భూమికన్నా ముందు చల్లబడి ఉంటాడు. ఒకప్పుడు అక్కడ నదులు పారిన గుర్తులున్నాయి. కాబట్టి జీవం అక్కడే మొదట పుట్టి ఉంటుంది. ఉల్కలు గుద్దినప్పుడు అక్కడి రాళ్ళు ఎగిరి, అంతరిక్షంలో తిరిగి తిరిగి, కాలుతూ వచ్చి భూమ్మీద పడి ఉంటాయి. వాటిలో దాక్కున్న సూక్ష్మజీవులే మన పూర్వీకులు. నిజం చెప్పాలంటే ఇది అంత వెర్రి ఆలోచనేమీ కాదు. ఆయనకన్నా ముందే చాలామంది పెద్దవాళ్ళు ఆలోచించిందే. వాళ్ళు దాన్ని ప్రశ్న దగ్గర ఆపారు, ఈయన జవాబు దగ్గర మొదలుపెట్టారు.

కుజుడి మట్టి ఎర్రగా ఉండడానికి కారణం ఇనుము తుప్పు. మన ఖనిజం కూడా అదే. ‘కుజుడు మన పెరట్లోనే ఉన్నాడు’ అని ఆయన స్టాఫు మీటింగులో ప్రకటించారు. ఆఫీసులో కుజుడంటే అంతవరకూ అందరికీ తెలిసింది జాతకంలో దోషమొక్కటే. హెడ్ క్లర్కు తమ్ముడికి కుజదోషమని సంబంధాలు తప్పిపోతున్నాయి. కుజుడు మన పూర్వీకుడని తేలితే దోషం ఉన్నట్టా పోయినట్టా అని ఆయన లేచి అడిగాడు. ఆ మీటింగు మొత్తానికి వచ్చిన తెలివైన ప్రశ్న అదొక్కటే. డైరెక్టరు గారు ప్రయోగం వివరించడం మొదలుపెట్టారు.

ప్రయోగం ఏమిటంటే, గని లోతుల్లోంచి తెచ్చిన ఖనిజాన్ని పొడి చేసి, సీసాల్లో పోసి, దూది బిరడాలు పెట్టి, ఓవెన్లో బాగా కాల్చాలి. అది ఆకాశం నుంచి కాలుతూ పడడానికి బదులు. తర్వాత ఆ సీసాల్ని టేకు పెట్టెలో పెట్టి, చల్లగా, పొడిగా, చీకట్లో వారాల తరబడి ఉంచాలి. అది అంతరిక్ష ప్రయాణానికి బదులు. చివర్లో ఆ పొడిని చిటికెడు నా సెక్షను రసం గొట్టాల్లో వేసి బుడగ కోసం చూడాలి. బుడగ వస్తే రాతిలో నిద్రపోయిన ప్రాచీన జీవం వేడిని, చలిని తట్టుకుని లేచినట్టు. మొత్తం ఆఫీసుకు ఏసీ ఉన్నది డైరెక్టరు గారి గదిలోనే గనక పెట్టె కూడా అక్కడే పెట్టారు. ఆయన కుర్చీ పక్కన, కోటు తగిలించే కొయ్య కింద ఉండేవాడు మా కుజుడు.

నా సెక్షనులో బుడగ వస్తే మురుగు కలిసిందని అర్థం. ఆయన గదిలో అదే బుడగ వస్తే పక్క గ్రహం నుంచి మన తాతముత్తాతలు దిగారని అర్థం. ఈ మాట నేను అప్పట్లోనే అన్నాను. నేను అన్న మాటలన్నీ ఆయనకు చేరేవి.

ఈ పని చేయడానికి ఒక అమ్మాయిని తాత్కాలికంగా తీసుకున్నారు. భీమిలి దగ్గర సముద్రం మీద వేటకెళ్ళే ఇంటి పిల్ల. ఎమ్మెస్సీ చేసింది. వాళ్ళ పేటలో మొగవాళ్ళు కూడా అంత చదవలేదు. పొద్దున్నే బస్సెక్కి వచ్చేది, చీర కుచ్చిళ్ళకి ఇసుక ఉండేది. తండ్రికి చూపు తగ్గి తెప్ప మీద వెళ్ళడం మానుకున్నాడు. కింద ఇద్దరు తమ్ముళ్ళు ఇంకా బళ్ళో ఉన్నారు. ఆ ఇంటికి నెలకింతని తెలిసి వచ్చే డబ్బు ఈ అమ్మాయి జీతమొక్కటే. అదీ మధ్య మధ్యలో పొడిగిస్తే ఉన్నట్టు, పొడిగించకపోతే లేనట్టు. కుజుడి పని ఫలిస్తే పోస్టు పర్మనెంటు చేయిస్తానని డైరెక్టరు గారు మాటిచ్చారు. ఆ మాట మీదే ఆ అమ్మాయి రోజూ బస్సెక్కేది.

పని మాత్రం ముచ్చటగా చేసేది. గొట్టాలు కడగడం దగ్గర్నుంచి ఎవరికీ వదలకుండా తనే చూసుకునేది. అలా శుభ్రంగా చేయడమే ఆ అమ్మాయి ప్రాణం మీదికొచ్చింది. ఏడాది కావస్తున్నా ఒక్క బుడగ రాలేదు. కాల్చిన రాతి పొడిలోంచి ఏం వస్తుంది? డైరెక్టరు గారు మొదట ఓవెన్ను అనుమానించారు, తర్వాత నా రసాన్ని అనుమానించారు, చివరికి ఆ అమ్మాయి శ్రద్ధను అనుమానించారు. నీ చేతుల్లో ఏదో లోపం ఉంది, జీవం నీకు పలకడం లేదన్నారట ఒకసారి. అది నా గదికొచ్చి కళ్ళు తుడుచుకుని, మళ్ళీ వెళ్ళి గొట్టాలు కడుక్కుంది.

అంతలో ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు దసరా వచ్చింది. మా ఊళ్ళో ఆయుధ పూజంటే మాటలు కాదు. క్రేన్లకు అరటి పిలకలు, లారీలకు బంతిపూల దండలు, రైలింజన్లకు గంధం బొట్లు. కత్తెర నుంచి కప్పీ దాకా పనిచేసే ప్రతి వస్తువుకీ ఆ రోజు కొబ్బరికాయ పడాల్సిందే. మా ప్రయోగశాలలో తక్కెళ్ళకీ, ఓవెన్లకీ, మైక్రోస్కోపులకీ కూడా బొట్లు పెట్టేవారు. నా సెక్షనుకు గుమ్మం బయట బొట్టు పెట్టనిచ్చేదాన్ని గానీ కాయ లోపలికి రానిచ్చేదాన్ని కాదు. కారణం భక్తి లేక కాదు, రసాలు చెడతాయని. దానికి నాకు నాస్తికురాలని పేరొచ్చింది. ఆ రోజు పొద్దుట నుంచీ నేను నా గుమ్మం దగ్గరే కాపలా కాశాను. ఆ అమ్మాయి ఆఫీసులో లేదు. వాళ్ళ పేటలో ఆ రోజు పడవలకు పూజ, సెలవు పెట్టి వెళ్ళింది. డైరెక్టరు గారి గదిలో ఏం జరిగిందో మా ఇద్దరికీ తెలియదు.

పండగైన కొద్ది రోజులకు పెట్టెలోని సీసాల్లోంచి పొడి తీసి రసం గొట్టాల్లో వేశారు. మర్నాటికి బుడగలు. ఒకటీ రెండూ కాదు, వరస మొత్తం బుడగలు. రసం మసకబారింది, గొట్టం ఊపితే నురగ. డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచి ఆ అమ్మాయి భుజం తట్టి, నీ పేరు కూడా చరిత్రలో ఉంటుందన్నారు. స్వీట్లు పంచారు. పేపరు విలేకరి ఒకాయన వచ్చి పెట్టె పక్కన డైరెక్టరు గారిని నిలబెట్టి ఫోటో తీశాడు. రెండు రోజుల్లో ఊరంతా చెప్పుకున్నారు, జీవం పుట్టుక రహస్యం వైజాగులో దొరికిందని. పై ఆఫీసు ఒక కమిటీని పంపుతున్నట్టు కబురొచ్చింది.

స్వీటు తినకుండా నా గదికొచ్చింది ఆ అమ్మాయొక్కతే. ఖనిజం కలపని ఉత్త రసం గొట్టాల్లో బుడగ రాలేదు కాబట్టి రసంలో తప్పు లేదు. తప్పంటూ ఉంటే సీసాల్లోనే ఉండాలి. ఏడాదిగా పలకని రాయి ఒక్కసారిగా ఎందుకు పలికిందని అడిగింది. ఇద్దరం వెళ్ళి, డైరెక్టరు గారు భోజనానికి వెళ్ళిన వేళ, పెట్టె తెరిచి ఒక సీసా బిరడా లాగాం. గుప్పున పులిసిన వాసన. దూది అడుగున పసుపు మరక. ఇంకో బిరడాకి కొబ్బరి పీచు ఒక పోగు అంటుకుని ఉంది.

అటెండర్ని పిలిచి అడిగాం. శ్రీకాకుళం వైపు మనిషి. ఏడాది పొడుగునా బల్లలు తుడవడానికి బద్ధకించేవాడు గానీ దసరా కాయలు మాత్రం తనే కొట్టాలి.

“మరి కొట్టనేదేటి, మేడంగోరూ. సారే దగ్గరుండి మూత తీయించీసినారు. పైపైన కాదు, నీళ్ళు లోనకి పడాల అన్నారు. రెండు కాయలు కొట్టినాను. సూడండి మరి, నా సేతి కాయకి పలితం వొచ్చీసింది.”

ఇదీ సంగతి. ఏడాది పాటు కాల్చి, మూసి, కాపాడిన సీసాల మీద రెండు కాయల నీళ్ళు పోశారు. పంచదారలాంటి నీళ్ళు, పీచు, పసుపు, అటెండరు చేతులు. దూది తడిసింది, దారి దొరికింది, లోపలికి వెళ్ళాల్సినవన్నీ వెళ్ళాయి. కుజుడి మీద వందల కోట్ల ఏళ్ళుగా నిద్రపోతున్న మన పూర్వీకులు పూర్ణా మార్కెట్లో కాయల బుట్టలోంచి దిగారు.

డైరెక్టరు గారికి చెప్పడానికి నేనే వెళ్ళాను, ఆ అమ్మాయిని వెనక నిలబెట్టుకుని. చాలా మర్యాదగా చెప్పాను. మళ్ళీ కాల్చి, కాయ కొట్టకుండా ఒకసారి చూద్దామన్నాను. ఆయన వినీ వినగానే నవ్వారు.

“మీరు మురుగు పరీక్షలు చేసీ చేసీ మీకు అన్నిట్లో మురుగే కనబడుతోందమ్మా. అమ్మవారి ప్రసాదం మురుగంటున్నారు, రేపు కమిటీ ముందు కూడా ఇదే అంటారా?”

ఇదీ ఆయన గొప్పతనం. పొద్దున శాస్త్రం మాట్లాడితే కోటు ముందు పెట్టేవారు. శాస్త్రం ఎదురు తిరిగితే అమ్మవారిని ముందు పెట్టేవారు. మధ్యలో తను ఎప్పుడూ దొరకరు. అదే ప్రసాదం ఆఫీసంతా తిన్నాం, మాలో ఎవరికీ కుజుడు పూనలేదని అందామనుకున్నాను. వెనక ఆ అమ్మాయి ఉందని ఊరుకున్నాను.

ఆయన నన్ను వదిలేసి దానివైపు తిరిగారు. కమిటీ ముందు ఫలితాలు చదివేది నువ్వే, పరిశోధనా పత్రంలో నీ పేరు నా పేరు పక్కనే ఉంటుంది, కమిటీ వెళ్ళిన మర్నాడు పర్మనెంటు ఆర్డరు నీ చేతిలో పెడతానన్నారు. చదవనంటే నెలాఖరుకి నీ గడువు ఎలాగూ అయిపోతుందని కూడా అన్నారు. గొంతు పెంచకుండా, టీ తాగుతూ, చాలా దయగా అన్నారు. ఆ దయ గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అది వారం రోజులు ఆ మాటే మోసుకు తిరిగింది. ఇంట్లో చెబితే తండ్రి, చదివెయ్యమ్మా, రాళ్ళలో ఏముంటే మనకేటి అన్నాడట. ఆయన్ని తప్పు పట్టడానికి నేనెవర్ని? నాది పర్మనెంటు ఉద్యోగం, నీతులు చెప్పడం నాకు సులువు. అందుకే ఏ సలహా ఇవ్వలేదు. నువ్వు చదివినా నా గది తలుపు నీకు తెరిచే ఉంటుందని మాత్రం అన్నాను. కమిటీ వస్తుందనగా రెండు మూడు రోజుల ముందు వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

“మేడమ్, నాకు అచ్చం అలాటి పెట్టి ఇంకోటి కావాలండి. ఒకే ఓవెన్లో, ఒకే పొడి కాలుస్తాను. ఒకటి సారు గదిలో, ఒకటి మీ దగ్గర.”

“కమిటీ ముందు ఏం చెప్తావు మరి?”

“నానేటీ సెప్పనండి. సారే సేసి సూపిస్తారు.”

కమిటీ అంటే నలుగురు. ముగ్గురికి సింహాచలం ఎప్పుడు తీసుకెళ్తారు, పీతల కూర ఎక్కడ బాగుంటుంది అన్నవే పరిశోధనాంశాలు. నాలుగో ఆయన ముసలాయన, ఏదో విశ్వవిద్యాలయంలో సూక్ష్మజీవుల శాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు. చెవి సరిగ్గా వినబడేది కాదు గానీ కళ్ళు బాగా పనిచేసేవి. మొదటి రోజు డైరెక్టరు గారి గదిలో అందరూ చేరారు. పూలదండలు, శాలువాలు, సొంత డబ్బా. అదయ్యాక ఆ అమ్మాయి రెండు పెట్టెలూ చూపించింది. కొత్తగా కాల్చిన పొడి, రెంటిలోనూ ఒకటే, రెండో పెట్టె పోలిక కోసం నీళ్ళ సెక్షనులో ఉంటుందని, వారాలకు బదులు ఈసారి కమిటీ ఉన్నన్నాళ్ళే ఉంచుతామని చెప్పింది. పెట్టెలు మూసి తాళాలు తన దగ్గరే ఉంచుకుంటానని మాస్టారు అన్నారు. అప్పుడు మా అమ్మాయి చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా డైరెక్టరు గారివైపు తిరిగింది.

“సార్, మంచి పనికి కాయ కొట్టాల గదండీ. మీ సేతుల మీదగానే కొట్టండి సార్. ఆ రోజు ఎలాగ కొట్టించినారో అలాగే.”

ఆయన మొహం వెలిగిపోయింది. పిల్లకు బుద్ధి వచ్చిందనుకున్నారు. నావైపు ఒక చూపు చూసి, కోటు విప్పి, చొక్కా చేతులు మడుచుకుని, అటెండర్ని కూడా పక్కకు తోసి, పెట్టె అంచు మీద రెండు కాయలు తనే కొట్టారు. నీళ్ళు సీసాల మీద జలజలా పడ్డాయి. కమిటీ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను, మనస్ఫూర్తిగా. మాస్టారు మాత్రం చప్పట్లు కొట్టకుండా తడిసిన దూది బిరడాల వైపు వంగి చూశారు. రెండో పెట్టెకి కాయ పడకుండానే తాళం పడి నా సెక్షనుకు వెళ్ళింది.

కమిటీ సింహాచలం చూసింది, భీమిలి చూసింది, పీతలు తింది. వెళ్ళేముందు రోజుకల్లా మాస్టారు తాళాలు తీసి, సీసాల్లోని పొడిని రసం గొట్టాల్లో వేయించి, వెచ్చగా ఉంచారు. గొట్టాలన్నీ బల్ల మీద రెండు వరసలుగా పెట్టారు. విలేకరి కూడా ఉన్నాడు. డైరెక్టరు గారి గది వరసలో ప్రతి గొట్టంలోనూ బుడగ. నీళ్ళ సెక్షను వరస రసం పోసిన రోజు ఎంత తేటగా ఉందో అంత తేటగా ఉంది.

డైరెక్టరు గారు మొదటి వరసే చూపిస్తూ మాట్లాడసాగారు. మాస్టారు రెండో వరస ముందు నిలబడి, ఇందులో ఎందుకు రాలేదని అడిగారు. ఆ పెట్టెకు ఏసీ లేదన్నారు డైరెక్టరు గారు. కుజుడికి ఏసీ ఎవరు పెట్టించారని అడగలేదు మాస్టారు, పెద్దమనిషి. ఆ అమ్మాయివైపు తిరిగి, రెంటికీ తేడా ఏమిటని గట్టిగా అడిగారు. ఆయనకు వినబడాలని ఆ అమ్మాయి కూడా గట్టిగానే చెప్పాల్సి వచ్చింది. గదంతా విన్నది.

“ఒకటేనండి తేడా. ఈ పెట్టికి సారు కాయ కొట్టారండి. ఆ పెట్టికి కొట్టనేదండి.”

హెడ్ క్లర్కు కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టాడు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన భుజాలు కదులుతున్నాయి, నవ్వుతున్నారని కాసేపటికి గాని అర్థం కాలేదు. విలేకరి పెన్ను జేబులో పెట్టుకున్నాడు. జీవం దొరికిందని మొదటి పేజీలో వేసినవాడు, కొబ్బరి నీళ్ళు దొరికాయని లోపలి పేజీలో కూడా వెయ్యలేదు.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేదని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను. కమిటీ ఏం రాసిందో తెలుసా? ఫలితాలు ఆసక్తికరంగా ఉన్నాయి, ఇంకా పరిశోధన జరగాలని రాసింది. ముసలాయన ఒప్పుకోలేదట, మిగతా ముగ్గురూ పీతల రుణం తీర్చుకున్నారు. ఆ సంక్రాంతిలోగా డైరెక్టరు గారే ఒక సర్క్యులరు పంపారు, ప్రయోగశాల గదుల్లో కొబ్బరికాయలు కొట్టరాదని, శాస్త్రీయ క్రమశిక్షణ ముఖ్యమని. మరుసటేడు ఒక పెద్ద సభలో పత్రం కూడా చదివారు. పక్క గ్రహాల మీద జీవాన్ని వెతికేటప్పుడు మన వెంట వెళ్ళే భూమి క్రిములే మనల్ని ఎలా మోసం చేస్తాయన్నది విషయం. మంచి విషయమే, నిజమే కూడా. అందులో కొబ్బరికాయ మాట ఎక్కడా లేదు, ‘స్థానిక కారణాలు’ అని ఉంది. ఆ అమ్మాయి పేరూ లేదు. తర్వాత ఆయన కుజుణ్ణి వదిలేసి శుక్రుణ్ణి పట్టుకున్నారు. శుక్రుడి మేఘాల్లో జీవం ఉండొచ్చని రిటైరయ్యేదాకా ఉపన్యాసాలిచ్చారు. మేఘాల మీద ఎవరూ కాయ కొట్టి చూడలేరు కదా.

నెలాఖరుకి ఆ అమ్మాయి గడువు పొడిగించలేదు. నేను వెళ్ళి అడిగాను. పోస్టుకు మంజూరు లేదమ్మా అన్నారు, మళ్ళీ అదే దయతో. పై ఆఫీసుకు రాశాను, జవాబు రాలేదు. ఆఖరి రోజు అది గొట్టాలన్నీ కడిగి, బోర్లించి, ఆరాక కొత్త దూది బిరడాలు పెట్టి మరీ వెళ్ళింది. ఎవరి కోసమని అడిగాను. నీళ్ళు తాగేవోళ్ళ కోసమండీ అంది. నాకు ఆ రోజు చాలా ఏడుపొచ్చింది. కోపంతో వచ్చే ఏడుపు ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది.

కొన్నేళ్ళు ట్యూషన్లు చెప్పింది, ఒక చేపల కంపెనీలో రొయ్యలు పరీక్షించింది. ఎనభైల్లో ఉక్కు కర్మాగారం కడుతున్నప్పుడు పరీక్ష రాసి నీళ్ళ ప్రయోగశాలలో చేరింది. నెగ్గుకొచ్చింది. దశాబ్దం చివర్లో ఒక దసరాకి నన్ను పిలిచింది. టౌన్‌షిప్‌ బస్సు దిగి వెళ్ళేసరికి గేటు దగ్గర కొత్త అటెండరు కాయ పట్టుకుని నిలబడి ఉన్నాడు. మా అమ్మాయి అతణ్ణి గుమ్మానికి ఆమడ దూరం తీసుకెళ్ళి, అక్కడ మట్టిలో కొట్టించి, అందరికీ ముక్కలు పంచి, చేతులు సబ్బుతో కడిగించి లోపలికి రానిచ్చింది. బొట్టు మాత్రం తనే పెట్టింది, తలుపు బయట.

లోపల కూర్చుని కొబ్బరి ముక్కలు తింటూ పాత సంగతులు నవ్వుకున్నాం. డైరెక్టరు గారి శుక్రుడి గురించి చెప్పాను. తర్వాత ఊరికే అడిగాను, ఇంతకీ కుజుడి మీద ఏమైనా ఉండి ఉంటుందంటావా అని. అది ఎగతాళి చేస్తుందనుకున్నాను. చేయలేదు. ముక్క నములుతూ కాసేపు నిజంగానే ఆలోచించింది.

“ఉంటే ఉంటాదండి, మేడమ్. మనం కాయ కొట్టకుండా ఎల్తే కనపడతాది.”